కాటేదాన్ నుంచి ఏ రాజధానికి?

2008లో కాటేదాన్ మట్టి మీద ఒక పరిశోధన పత్రం వెలువడింది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పారిశ్రామికవాడలోనూ చుట్టుపక్కల ఇళ్ల మధ్యా మట్టి నమూనాలు తీసి సీసం, క్రోమియం, నికెల్, జింక్, ఆర్సెనిక్ వంటివి ఎంతెంత ఉన్నాయో కొలిచారు. ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ ఉన్నాయని తేలింది. ఆ పత్రంలో హైదరాబాద్ శాస్త్రవేత్తల పేర్ల పక్కనే నార్వే రాజధాని ఓస్లోలోని నార్వేజియన్ జియోటెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ నిపుణుల పేర్లు కూడా కనిపిస్తాయి. నూర్ మహమ్మద్ కుంట ఒడ్డున ఉన్న కాలనీల కష్టాన్ని ఓస్లోలో కూర్చుని చదివినవాళ్లు అప్పటికే ఉన్నారన్నమాట.

ఆరాంఘర్ చౌరస్తా నుంచి శంషాబాద్ దాకా ఇంజనీరింగ్, డిగ్రీ, అగ్రికల్చర్ కాలేజీలు వరసగా ఉన్నాయి. వాటిలో చదివే ఒక అమ్మాయికి యూరప్‌లో ఒక సెమిస్టర్ చదివే అవకాశం వచ్చిందనుకుందాం. నోటికి ముందుగా వచ్చే పేర్లు పారిస్, రోమ్, ప్రాగ్, వియన్నా. ఓస్లో చాలామంది జాబితాలోనే ఉండదు. కానీ కాటేదాన్‌లో పుట్టి పెరిగి, పర్యావరణ ఇంజనీరింగ్ చదువుతూ, ఇంటి వెనక బోరు నీళ్ల రంగు ఎందుకు మారిందో తెలుసుకోవాలనుకునే అమ్మాయికి యూరప్ రాజధానులన్నిటిలోకీ ఓస్లోతోనే ఎక్కువ పని ఉండొచ్చు.

ఈ అధ్యాయం చెప్పదలచుకున్నది అదే. పాత రాజధానులన్నీ అందమైనవే. ఏ ఊరికి వెళ్లినా కోట, వంతెన, మ్యూజియం ఉంటాయి, వాటికోసం విడిగా ఎంపిక చేసుకోనక్కర్లేదు. తన ఊరి నుంచి ఏ ప్రశ్న మోసుకెళ్తున్నాడో విద్యార్థి ముందు తేల్చుకోవాలి. ఆ ప్రశ్న మీద తరాలుగా పనిచేసిన నగరం ఏదో ఆ తర్వాత వెతకాలి.

హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. జాకిర్ హుసేన్ 1897లో ఇక్కడే పుట్టారు. తర్వాత భారత రాష్ట్రపతి అయిన ఆయన యువకుడిగా బెర్లిన్ వెళ్లి, 1926లో అక్కడి విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. డిగ్రీ ఒక్కటే ఆయన లక్ష్యమైతే బెర్లిన్ అయినా లండన్ అయినా తేడా ఉండేది కాదు. కానీ వెళ్లేముందే ఆయన జామియా మిలియా స్థాపనలో పాలుపంచుకుని ఉన్నారు. మన పిల్లలకు ఎలాంటి బడి కావాలన్నది ఆయన వెంట ఉన్న ప్రశ్న. చేతిపనిని చదువులో భాగం చేయాలన్న విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ ఆలోచనలు అప్పటి జర్మనీలో బడులను మారుస్తున్నాయి. ఆ ఆలోచనలను ఆయన దగ్గరగా చూశారు. తీరిక వేళల్లో బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్‌లో గాలిబ్ దీవాన్‌ను అందంగా అచ్చువేయించారు. తిరిగొచ్చాక జామియా బాధ్యత తీసుకున్నారు. 1937లో బేసిక్ విద్యా పథకాన్ని రూపొందించిన కమిటీకి అధ్యక్షుడయ్యారు. ఆ పథకాన్ని ఒప్పుకున్నవాళ్లూ, కాదన్నవాళ్లూ ఉన్నారు. ఎవరేమన్నా, బెర్లిన్‌లో గడిపిన ఏళ్లు ఇక్కడి బడుల్లోకి ఎలా నడిచొచ్చాయో అందులో స్పష్టంగా కనబడుతుంది.

అంతకుముందు తరంలో ఒకే ఇంటివాళ్లు మూడు రాజధానులకు వెళ్లారు. అఘోరనాథ్ చట్టోపాధ్యాయ స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో రసాయనశాస్త్రం చదివి డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా పుచ్చుకున్నారు. తర్వాత హైదరాబాద్ వచ్చి, నేటి నిజాం కాలేజీకి మూలమైన కాలేజీని నిలబెట్టారు. ఆయన కూతురు సరోజిని (తర్వాత సరోజినీ నాయుడు) 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పదహారేళ్ల వయసులో ఇంగ్లండ్ వెళ్లి, లండన్ కింగ్స్ కాలేజీలోనూ కేంబ్రిడ్జి గిర్టన్‌లోనూ చదివింది. కొడుకు వీరేంద్రనాథ్ లండన్, పారిస్ మీదుగా బెర్లిన్ చేరి స్వాతంత్ర్య పోరాటంలో మునిగిపోయాడు. ఆ ఇంట్లో ఎవరూ ఇంకొకరు వెళ్లిన ఊరని ఎంచుకోలేదు, ఎవరి పని వాళ్లను నడిపించింది. ఈ కాలపు ఎక్స్‌ఛేంజ్ ఒక్క సెమిస్టరే కాబట్టి ఎంపిక ఇంకా సూటిగా ఉండాలి. నాలుగైదు నెలల్లో దారి తప్పితే దిద్దుకునే సమయం ఉండదు.

ప్రశ్న పెద్దదేమీ కానక్కర్లేదు. హిమాయత్‌సాగర్ కట్ట మీద నిలబడి చూస్తే చాలు, ఒకటి దొరుకుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ ఉప్పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నూరేళ్లు గడిచినా పెద్ద వాన పడితే గేట్లు ఎప్పుడు ఎత్తాలి, కింద బస్తీలను ఎలా కాపాడాలి అన్న చర్చ నడుస్తూనే ఉంది. సివిల్ ఇంజనీరింగ్ చదివే కుర్రవాడికి ఇంతకన్నా దగ్గరి ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది?

ఈ ప్రశ్నకు వియన్నాలో గట్టి జవాబు ఉంది. డాన్యూబ్ వరదల నుంచి ఊరిని కాపాడటానికి వాళ్లు 1972లో మొదలుపెట్టి 1988 దాకా నది పక్కనే రెండో పాయ తవ్వారు. తవ్విన మట్టితో దాదాపు 21 కిలోమీటర్ల పొడవైన దీవిని పోశారు. వరద వస్తే కొత్త పాయ నీటిని మింగుతుంది, మిగతా రోజుల్లో జనం ఆ దీవి మీద సైకిళ్లు తొక్కుతారు, ఈత కొడతారు. మూసీ ఒడ్డును బాగుచేయాలని మాట్లాడేవాళ్లందరూ ఒకసారి చూడాల్సిన చోటు అది. 1873లో ఆల్ప్స్ కొండల ఊటనీటిని పంపులు లేకుండా వాలు మీదే ఊరికి తెచ్చిన పైపులైను కూడా అక్కడే ఉంది. వియన్నా విశ్వవిద్యాలయం 1365 నాటిది, పేరు గొప్పది. అయితే నీటి మీద పనిచేయాలనుకునే విద్యార్థి వెతకాల్సింది దాన్ని కాదు, 1872లో మొదలైన బోకు అనే విశ్వవిద్యాలయాన్ని. వ్యవసాయం, అడవులు, నీటి నిర్వహణ దాని సొంత రంగాలు. ప్రసిద్ధమైన పేరుకూ పనికొచ్చే విభాగానికీ మధ్య దూరం ఎంత ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది.

ప్రాగ్ సంగతి ఇంకోరకం. 1348లో నాలుగో చార్లెస్ స్థాపించిన చార్లెస్ విశ్వవిద్యాలయం, 1357లో పునాది పడిన రాతి వంతెన వల్ల ఆ ఊరి పేరు వినగానే చరిత్రే గుర్తొస్తుంది. 2002 ఆగస్టులో వల్తావా నది అక్కడ ఊరిమీదికొచ్చింది. మెట్రో స్టేషన్లు మునిగాయి, రైళ్లు మామూలుగా తిరగడానికి నెలలు పట్టింది. పాత పట్టణాన్ని మాత్రం ఎక్కడికక్కడ బిగించే లోహపు అడ్డుగోడలు కాపాడాయి. మెట్రో ఉన్న నగరం వరదకు ఎలా సిద్ధపడాలో నేర్చుకోవాలంటే ఆ అనుభవం అక్కరకొస్తుంది. 1707 నాటి చెక్ సాంకేతిక విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. ఆహార పరిశ్రమ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు రసాయన సాంకేతిక విశ్వవిద్యాలయం విడిగా ఉంది. కాటేదాన్‌లో నూనె మిల్లులు, తినుబండారాల కంపెనీలు ఎన్ని ఉన్నాయో తెలిసిన పిల్లలకు ఈ రెండో సంస్థ పేరు చెప్పి తీరాలి.

రాజేంద్రనగర్‌లో వ్యవసాయం చదివేవాళ్లు మ్యాపు దగ్గర పెట్టుకోవాలి. నార్వే వ్యవసాయ విద్యకు మూలస్థానం ఓస్లోలో లేదు. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దక్షిణాన ఓస్ అనే చిన్న ఊళ్లో ఉంది. 1859లో వ్యవసాయ పాఠశాలగా మొదలై ఇప్పుడు జీవశాస్త్రాల విశ్వవిద్యాలయమైంది. ఇలాంటిదే పారిస్‌లో ఇంకా బాగా తెలుస్తుంది. హైదరాబాద్ శివారు బహదూర్‌పల్లిలో 2014లో మహీంద్రా ఎకోల్ సెంట్రాల్ మొదలైనప్పుడు దాని ఫ్రెంచి భాగస్వామి ఎకోల్ సెంట్రాల్ పారిస్. ఆ సంస్థ తర్వాత ఇంకో సంస్థతో కలిసి సెంట్రాల్‌సుపెలెక్ అయింది, 2017లో పారిస్‌కు నైరుతిలో ఉన్న సాక్లే పీఠభూమికి తరలింది. చదువుకు లోటేమీ లేదు. కానీ సెన్ నది ఒడ్డున గది ఊహించుకుని వెళ్లిన విద్యార్థి రోజూ రైలెక్కాల్సి వస్తుంది. కాబట్టి ఒప్పంద పత్రంలో రాజధాని పేరు చూసి ఆగిపోకూడదు. క్లాసులు జరిగే భవనం చిరునామా అడగాలి, అక్కడి నుంచి హాస్టల్ ఎంత దూరమో చూడాలి.

సాహిత్యం, చరిత్ర చదివేవాళ్ల లెక్క వేరు. తెలుగు పిల్లలకు లండన్, పారిస్ రెండూ ఇంటి సంగతులు దాచుకున్న నగరాలే. కృష్ణా తీరంలోని అమరావతి స్తూపం శిల్పాలు వందకు పైగా బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి వాటిలో ముఖ్యమైన భాగం. తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ ఉద్యోగ విరమణ తర్వాత లండన్‌లోనే తెలుగు పాఠం చెప్పారు. పారిస్‌లో 1795లో మొదలైన ప్రాచ్య భాషల సంస్థ ఇనాల్కోలో తెలుగు ఒక బోధనాంశం. కృష్ణా తీరపు కొల్లూరు గనిలో దొరికిన రీజెంట్ వజ్రం లూవ్ర్ మ్యూజియంలో ఉంది. గోల్కొండ కోట గోడలు చూస్తూ పెరిగిన చరిత్ర విద్యార్థి ఆ వజ్రం ముందు నిలబడితే, అది ఎవరి చేతుల మీదుగా అక్కడికి చేరిందో వెంటనే అడగాలనిపిస్తుంది. ఆ ప్రశ్నతో వెళ్తే పారిస్ సెమిస్టర్ మొత్తానికి పని దొరికినట్టే.

నగరం తేలాక అసలు పని మొదలవుతుంది.

ఎక్స్‌ఛేంజ్ రెండు సంస్థల మధ్య ఒప్పందం మీద నడుస్తుంది. అందుకే యూరప్ వెబ్‌సైట్లు తిరగేసే ముందు సొంత కాలేజీ అంతర్జాతీయ విభాగానికి వెళ్లి, ఏయే విశ్వవిద్యాలయాలతో అమల్లో ఉన్న ఒప్పందాలు ఉన్నాయో జాబితా తీసుకోవాలి. ఒప్పందం ఉంటే చాలాచోట్ల అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, ఇక్కడి ఫీజు ఇక్కడే కడతారు. దీని విలువ నార్వే విషయంలో బాగా తెలుస్తుంది. 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థులు అక్కడ పూర్తి డిగ్రీ చదవాలంటే ఫీజు కట్టాలి. ఒప్పందం మీద వచ్చే ఎక్స్‌ఛేంజ్ విద్యార్థులకు ఆ నిబంధన వర్తించదు. సొంతంగా భరించలేని నగరం కూడా ఆ దారిలో అందుబాటులోకి వస్తుంది.

1987లో మొదలైన ఎరాస్మస్ పథకం కింద ఒప్పందం ఉంటే ఇంకా మంచిది. బయటి దేశాల నుంచి వెళ్లేవారికి ఆతిథ్య దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోల దాకా ఖర్చులకు ఇస్తారు, ప్రయాణానికీ కొంత ఇస్తారు. ఒప్పందం లేని కాలేజీ పిల్లలు నిరాశపడి ఊరుకోవద్దు. ఫ్రాన్స్‌కు చార్పాక్ స్కాలర్‌షిప్ ఉంది. సైన్స్, ఇంజనీరింగ్ డిగ్రీ విద్యార్థులు వేసవిలో జర్మనీ ప్రయోగశాలల్లో పనిచేయడానికి డాడ్ (డీఏఏడీ) అనే జర్మన్ సంస్థ వైజ్ అనే పథకం నడుపుతోంది. ఆస్ట్రియాకు ఎర్న్‌స్ట్ మాఖ్ గ్రాంటులున్నాయి. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి విదేశాల్లో పూర్తి డిగ్రీ చదివేవారి కోసం పెట్టింది. దాన్ని నమ్ముకుని ఒక సెమిస్టర్ లెక్క వేసుకోకూడదు.

డబ్బు లెక్కకు జర్మనీ నియమం మంచి కొలమానం. విద్యార్థి వీసాకు నెలకు 992 యూరోల చొప్పున ఖాతాలో చూపించమంటుంది. యూరో సుమారు వంద రూపాయలు అనుకుంటే, బెర్లిన్‌లో ఐదు నెలలకు ఐదు లక్షలు దగ్గర పెట్టుకోవాలి. ఓస్లోకు ఇంకా ఎక్కువ, ప్రాగ్, బుడాపెస్ట్, వార్సాలకు తక్కువ. అద్దె ఒక్కటే మొత్తం లెక్కను తలకిందులు చేస్తుంది కాబట్టి విశ్వవిద్యాలయ హాస్టల్లో గది దొరికిందన్న మెయిల్ వచ్చేదాకా టికెట్ కొనకపోవడమే క్షేమం.

క్యాలెండర్‌ను చాలామంది ఆఖర్న చూస్తారు, అది మొదటే చూడాల్సింది. ఓస్లోలో శరదృతువు సెమిస్టర్ ఆగస్టులో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. మన కాలేజీల మొదటి సెమిస్టర్‌తో దాదాపు కలిసిపోతుంది. వియన్నా, బెర్లిన్‌లలో శీతాకాల సెమిస్టర్ అక్టోబరులో మొదలై జనవరి చివరిదాకానో ఫిబ్రవరిదాకానో సాగుతుంది. అంటే ఇక్కడి రెండో సెమిస్టర్‌లో కొంత పోతుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఎప్పుడు జరుగుతాయో కూడా దీంతోపాటే చూసుకోవాలి. మూడో సంవత్సరంలో సులువుగా జరిగే పని నాలుగో సంవత్సరంలో కుదరదు. వెలుతురు సంగతి కూడా తక్కువదేమీ కాదు. డిసెంబరు చివర్లో ఓస్లోలో పగలు ఆరు గంటలకన్నా తక్కువ. పదకొండు గంటల పగలే మనకు అతి చిన్న పగలు. ఆ చీకటి కొందరిని బాగా కుంగదీస్తుంది. ముందే తెలిసినవాళ్లు మధ్యాహ్నం బయట నడవడం అలవాటు చేసుకుంటారు, ఒంటరిగా గదిలో కూర్చోరు.

వీసా విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది 90 రోజులు. అంతకన్నా ఎక్కువ ఉండాలంటే మామూలు షెంగెన్ వీసా పనికిరాదు, ఆ దేశం ఇచ్చే దీర్ఘకాల వీసా కావాలి, దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ వీసా చేతికొస్తే మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. వియన్నాలో ఉండే విద్యార్థికి ఇది పెద్ద వరం, బ్రాటిస్లావా రైల్లో గంట, బుడాపెస్ట్ మూడు గంటల లోపు. లండన్, డబ్లిన్ ఆ పరిధిలో లేవు.

ఇంట్లో ఒప్పించడం మాత్రం ఏ వెబ్‌సైటులోనూ దొరకదు. మైలార్‌దేవ్‌పల్లిలో ఒక తల్లి అడిగే మాటలు ఇంచుమించు ఇవే: "అక్కడ మనోళ్లు ఎవరన్నా ఉన్నరా బిడ్డా? అన్నం దొరుకుతదా? రాత్రి క్లాసుంటే ఎట్లొస్తవ్?" ఈ ప్రశ్నలను తేలిగ్గా తీసిపారేయకూడదు. మనవాళ్లు ఉన్నారో లేదో కనుక్కోవడం నిజంగా అవసరమే. అయితే నలుగురు తెలుగువాళ్లున్న గదిలోనే నాలుగు నెలలూ గడిపితే వెళ్లిన పని సగమే అవుతుంది. "ఉన్నరమ్మా, నంబరు తీసుకున్న. కుక్కరు తీసుకపోత. హాస్టల్ ముందే ట్రామ్ ఆగుతది, చూడు" అని ఫోన్‌లో మ్యాపు తెరిచి చూపించగలిగిన బిడ్డకు ఇంట్లో అనుమతి త్వరగా వస్తుంది. అలా చూపించాలంటే ముందు తాను చూసుకుని ఉండాలి.

భాష గురించి భయం వద్దు, నిర్లక్ష్యమూ వద్దు. ఎక్స్‌ఛేంజ్ కోర్సులు ఇంగ్లిష్‌లో దొరుకుతాయి. కానీ విభాగం పేజీలో ఇంగ్లిష్ కోర్సుల జాబితా కనబడితే సరిపోదు, తాను వెళ్లే సెమిస్టర్‌లో అవి నడుస్తున్నాయో లేదో చూడాలి. చాలా కోర్సులు ఏడాదికి ఒక్కసారే ఉంటాయి. బజార్లో, డాక్టరు దగ్గర, ఇంటి యజమానితో మాట్లాడటానికి మొదటి స్థాయి భాష వచ్చినా ఎంతో తేలిక. ఫ్రెంచికి అలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్‌కు గోథే సెంట్రుమ్ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. తార్నాకలో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. దరఖాస్తు పెట్టిన రోజే అక్కడా పేరు నమోదు చేసుకుంటే ప్రయాణం నాటికి కాస్తంత మాట వస్తుంది.

దరఖాస్తుతో పంపే ఉత్తరంలో ఊరు కనబడాలి. "మీ విశ్వవిద్యాలయం ప్రపంచ ప్రసిద్ధి చెందినది" అన్న వాక్యం ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. కాటేదాన్ మట్టిలో సీసం ఎలా చేరింది, దాని మీద ఎవరు పనిచేశారు, ఆ విభాగంలోని ఫలానా కోర్సు తనకెందుకు కావాలి అని నాలుగు వాక్యాలు సొంతంగా రాస్తే చదివేవాళ్లు ఆగి చదువుతారు. ఆ నాలుగు వాక్యాలు రాయలేకపోతున్నాడంటే ఆ నగరం ఇంకా తేలలేదన్నమాట, జాబితా మళ్లీ చూసుకోవచ్చు.

ఇక క్రెడిట్లు. యూరప్‌లో ఒక సెమిస్టర్‌కు 30 ఈసీటీఎస్ క్రెడిట్లు, ఏడాదికి 60. మన లెక్క వేరు. అక్కడ తీసుకోబోయే ఒక్కో కోర్సు ఇక్కడి ఏ సబ్జెక్టుకు బదులు, ఎన్ని క్రెడిట్లకు సమానం అన్నది లెర్నింగ్ అగ్రిమెంట్ అనే పత్రంలో రాసి, విద్యార్థి, ఇక్కడి కాలేజీ, అక్కడి విశ్వవిద్యాలయం ముగ్గురూ సంతకం చేస్తారు. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ అయితే నిర్ణయం కాలేజీలోనే జరుగుతుంది. అనుబంధ కాలేజీ అయితే విశ్వవిద్యాలయం అనుమతి కూడా లిఖితపూర్వకంగా ఉండాలి. విభాగాధిపతి నోటిమాటగా "చూద్దాంలే" అంటే దాన్ని అనుమతిగా లెక్కపెట్టకూడదు. వెళ్లాక కోర్సు మారితే, మార్పు జరిగిన వారంలోనే పత్రం తిరగరాయించి సంతకాలు తీసుకోవాలి. మార్కుల పత్రం సాధారణంగా విద్యార్థి తిరిగొచ్చిన కొన్ని వారాలకు గానీ రాదు. అది నేరుగా కాలేజీ ఎగ్జామ్ బ్రాంచికి పంపమని, ఒక కాపీ తనకూ పంపమని అక్కడి కోఆర్డినేటర్‌ను బయలుదేరే ముందే అడగాలి. హైదరాబాద్ చేరాక ఎగ్జామ్ బ్రాంచికి వెళ్లి, ఆ క్రెడిట్లు మెమోలో ఎక్కాయో లేదో స్వయంగా చూసుకోవాలి.